గుండె దడ నేరాంగీకారం కాదు

హైదరాబాద్‌లో గాంధీభవన్ మెట్రో స్టేషన్ దిగితే నాంపల్లి క్రిమినల్ కోర్టులు దగ్గరే. కాస్త ముందుకు రెడ్‌హిల్స్ వైపు వెళ్తే రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంటుంది. అదే పేటలో నిలోఫర్ ఆస్పత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. నాంపల్లి నుంచి ఇటు తిరిగితే ఆబిడ్స్: జీపీఓ, బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, సందుల్లో హోల్‌సేల్ వ్యాపారాలు. డబ్బు చేతులు మారే చోటు, సాక్ష్యాన్ని పరీక్షించే చోటు, తీర్పు చెప్పే చోటు ఇక్కడ ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి.

ఒక ఊహ చేద్దాం. ఆబిడ్స్‌లో 20 మంది పనిచేసే దుకాణంలో క్యాష్ కౌంటర్ నుంచి పెద్ద మొత్తం పోయింది. క్యాషియర్‌గా పనిచేసే అమ్మాయికి కొన్నేళ్లుగా పానిక్ డిజార్డర్ ఉంది. మందులు వాడుతోంది, ఉద్యోగం పోతుందేమోనని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోలీసులు పిలిచి మాట్లాడారు. ఆమె చేతులు వణికాయి, గొంతు పెగల్లేదు. "తప్పు చేయకపోతే నీకు భయమెందుకమ్మా? లై డిటెక్టర్ పరీక్షకు ఒప్పుకో, నిజమేదో అదే తేలుతుంది" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ మాటలో ఒక పాత నమ్మకం దాగి ఉంది: భయపడ్డవాడే తప్పు చేసినవాడు అని.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. ఆ నమ్మకానికి తీగలు, గొట్టాలు తగిలిస్తే తయారయ్యేదే పాలిగ్రాఫ్. అయితే భుజాలు తడుముకోవడమే జబ్బు లక్షణమైన మనిషిని ఆ యంత్రం ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు శరీరశాస్త్రం దగ్గరా, మన న్యాయశాస్త్రం దగ్గరా జవాబులున్నాయి. అవి జనానికి చేరలేదు.

బియ్యపు గింజల నుంచి గ్రాఫ్ గీతల దాకా

శరీరాన్ని సాక్షిగా నిలబెట్టడం మనకు కొత్త కాదు. ధర్మశాస్త్రాల్లో చెప్పిన దివ్యాల్లో తండుల దివ్యం ఒకటి. దొంగతనం మోపబడిన మనిషి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. రక్తం కనిపించినా, ఒళ్లు వణికినా దోషి అని తేల్చేవారు. భయపడితే నోట్లో తడి ఆరిపోతుందన్నది నిజమే. ఆ భయం తప్పు బయటపడుతుందనా, లేక చేయని తప్పుకు శిక్ష పడుతుందనా అన్నది గింజలు చెప్పలేవు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ పనిని యంత్రం అందుకుంది. అమెరికాలో విలియం మార్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు పెరుగుతుందని వాదించాడు. 1923లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఫ్రై కేసులో ఆయన పరీక్షను సాక్ష్యంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1921లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ రక్తపోటును, ఊపిరిని ఒకేసారి కాగితం మీద గీసే యంత్రాన్ని తయారు చేశాడు. దాన్ని మొదట వాడిన కేసుల్లో ఒకటి అమ్మాయిల హాస్టల్‌లో జరిగిన దొంగతనం. లార్సన్ తర్వాత వైద్యం చదివి మానసిక వైద్యుడయ్యాడు. తాను పుట్టించిన యంత్రాన్ని పోలీసులు వాడుతున్న తీరును విమర్శించాడు కూడా.

ఈనాటి పాలిగ్రాఫ్ కంప్యూటర్‌కు కలిసి ఉంటుంది, కానీ కొలిచేవి దాదాపు అవే. ఛాతీకి, పొట్టకు కట్టిన రెండు పట్టీలు ఊపిరిని, చేతికి చుట్టిన బీపీ పట్టీ రక్తపోటులో, నాడిలో వచ్చే మార్పులను నమోదు చేస్తాయి. వేళ్లకు తగిలించిన ఎలక్ట్రోడ్లు అరచేతి చెమటను, అంటే చర్మం గుండా విద్యుత్తు ఎంత తేలికగా ప్రవహిస్తోందో కొలుస్తాయి. ఈ నాలుగింటిలో ఏదీ అబద్ధాన్ని కొలవదు. అబద్ధానికి మాత్రమే పుట్టి, మరి దేనికీ పుట్టని శారీరక మార్పు ఏదీ ఇంతవరకు బయటపడలేదు. యంత్రం చూపేది ఉద్వేగం. అది అబద్ధం వల్ల వచ్చిందని చెప్పేది పరీక్షకుడు.

పరీక్షకులకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే మనిషి మొత్తంగా ఎంత కంగారుగా ఉన్నాడో చూడరు. అదే మనిషి ఒక ప్రశ్నకు ఎలా స్పందించాడు, మరో ప్రశ్నకు ఎలా స్పందించాడు అని పోలుస్తారు. 1947లో జాన్ రీడ్ ఈ పద్ధతికి రూపమిచ్చాడు. "కౌంటర్‌లోని డబ్బు నువ్వు తీశావా?" అన్నది అసలు ప్రశ్న. "నిన్ను నమ్మినవాళ్లను ఎప్పుడైనా మోసం చేశావా?" అన్నది పోలిక ప్రశ్న. దొంగకు మొదటి ప్రశ్న ఎక్కువ గుచ్చుకుంటుందని, నిర్దోషికి రెండోది ఎక్కువ గుచ్చుకుంటుందని అంచనా. ఈ లెక్క ప్రకారం కంగారు మనిషైనా పరవాలేదు. కంగారు రెండు ప్రశ్నలకూ సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుందన్నది వాదన.

ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. పానిక్ డిజార్డర్ ఉన్న ప్రతి మనిషీ పరీక్షలో అబద్ధాలకోరుగా తేలతాడనడం తప్పు. కానీ ఆ తీసివేత సరిగ్గా కుదరాలంటే కంగారు నిలకడగా ఉండాలి. పానిక్ డిజార్డర్‌లో లేనిది ఆ నిలకడే.

శత్రువు లేని యుద్ధం

పానిక్ అటాక్ అంటే మామూలు ఆందోళన కాదు. ఉన్నట్టుండి మొదలై నిమిషాల్లో తారస్థాయికి చేరే భయం అది. గుండె దడ, చెమటలు, వణుకు, ఊపిరి అందకపోవడం, గొంతు పట్టేసినట్టుండటం, ఛాతీలో నొప్పి, వికారం, కళ్లు తిరగడం, వేడి ఆవిర్లు లేదా చలి, తిమ్మిర్లు, చుట్టూ ఉన్నదంతా నిజం కాదన్నట్టు అనిపించడం, పిచ్చెక్కుతుందేమోనన్న భయం, ప్రాణం పోతుందన్న భయం. వైద్యులు వాడే వర్గీకరణలో ఉన్న ఈ 13 లక్షణాల్లో కనీసం నాలుగు కలిసి వస్తే దాన్ని పానిక్ అటాక్ అంటారు. ఇలాంటివి కారణం లేకుండా పదేపదే వస్తూ, మళ్లీ వస్తుందేమోనన్న దిగులో, దాన్ని తప్పించుకోవడానికి అలవాట్లు మార్చుకోవడమో ఒక నెల లేదా అంతకు మించి ఉంటే అది పానిక్ డిజార్డర్.

మొదటిసారి వచ్చినప్పుడు చాలామంది గుండెపోటు అనుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తుతారు. ఈసీజీ బాగానే ఉంటుంది. "ఏమీ లేదు, టెన్షన్ అంతే" అని ఇంటికి పంపిస్తారు. ఏమీ లేదన్న మాట సరికాదు. శరీరంలో ప్రమాద సమయపు ఏర్పాట్లన్నీ నిజంగానే మొదలవుతాయి. సింపథెటిక్ నాడీమండలం గుండెను పరుగెత్తిస్తుంది, ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి, ఊపిరి వేగం పెరుగుతుంది. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానితో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుని కళ్లు తిరుగుతాయి, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. 1986లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్లార్క్ దీన్ని వివరించాడు. పానిక్ ఉన్న మనిషి బయటి ప్రమాదానికి కాదు, తన ఒంట్లో వచ్చిన చిన్న మార్పుకే భయపడతాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే అది గుండెపోటుకు మొదలేమో అనుకుంటాడు. ఆ ఆలోచన గుండెను ఇంకా వేగంగా కొట్టిస్తుంది. అది చూసి భయం రెట్టింపవుతుంది. కాబట్టి ఇలాంటి మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని తన గుండెను, ఊపిరిని, చెమటను గమనిస్తూ కదలకుండా కూర్చోవడం. పాలిగ్రాఫ్ కుర్చీలో చేయాల్సింది సరిగ్గా అదే.

ఆ కుర్చీలో ఏం జరుగుతుంది?

బీపీ పట్టీతోనే మొదలుపెడదాం. మామూలు బీపీ పరీక్షలో పట్టీ బిగిసి వెంటనే వదులవుతుంది. పాలిగ్రాఫ్‌లో ఒక వరుస ప్రశ్నలు పూర్తయ్యేదాకా, అంటే కొన్ని నిమిషాల పాటు, అది చేతిని పట్టుకునే ఉంటుంది. చెయ్యి బరువెక్కుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మరొకరికి అది చికాకు మాత్రమే. తిమ్మిరిని అటాక్‌కు తొలి గుర్తుగా ఏళ్ల తరబడి అనుభవించినవారికి అది ప్రమాద ఘంటిక. అలా పరీక్షా పరికరమే రోగ లక్షణాన్ని పుట్టిస్తుంది.

రెండోది ఊపిరి. పానిక్ ఉన్నవారికి చికిత్సలో నెమ్మదిగా, పొట్టతో ఊపిరి తీయడం నేర్పుతారు. భయం మొదలవగానే చాలామంది అసంకల్పితంగానే ఆ పద్ధతిలోకి వెళ్తారు. కానీ యంత్రాన్ని మోసం చేయాలనుకునేవారు వాడే ఎత్తుల్లో ఊపిరిని అదుపు చేయడం మొదటిది. అందుకే పరీక్షకులు దాన్ని అనుమానంగా చూస్తారు. డాక్టరు నేర్పిన ఉపశమనం గ్రాఫ్ మీద ఎత్తుగడలా కనిపించే ప్రమాదం ఉంది.

మూడోది కాలం, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ప్రశ్న విన్న ఒకటి నుంచి మూడు సెకన్లలో అరచేతి చెమటలో మార్పు మొదలవుతుంది, కొద్ది సెకన్లలో తగ్గుముఖం పడుతుంది. అందుకే ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఇరవై, ముప్పై సెకన్ల విరామం ఇస్తారు. ఒక ప్రశ్న ప్రభావం చల్లారాక మరో ప్రశ్న వేస్తారన్నమాట. పానిక్ అటాక్ ఈ సెకన్ల లెక్కకు లొంగదు. అది లేచి, తారస్థాయికి చేరి, దిగడానికి నిమిషాలు పడుతుంది. రక్తంలోకి వచ్చిన ఎడ్రినలిన్ సగానికి తగ్గడానికే రెండు, మూడు నిమిషాలు కావాలి. మూడో ప్రశ్న దగ్గర మొదలైన అటాక్ ఆ తర్వాతి ప్రశ్నలన్నిటినీ ముంచేస్తుంది. అప్పుడు ఏ గీత ఏ ప్రశ్నకు లేచిందో చెప్పడం కుదరదు. పూర్తి స్థాయి అటాక్ రాకపోయినా, ఆందోళన ఎక్కువగా ఉన్నవారి చర్మంలో ఏ ప్రశ్నా వేయకుండానే చెమట స్పందనలు తరచుగా లేస్తుంటాయి. ఒకే శబ్దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తే మిగతావాళ్లు త్వరగా అలవాటుపడతారు, వీళ్లు ఆలస్యంగా అలవాటుపడతారు. 1960లలోనే లండన్‌లో మాల్కమ్ లేడర్, లోర్నా వింగ్ దీన్ని కొలిచి చూపించారు.

నాలుగోది మందులు. ప్రొప్రానొలాల్ లాంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. కానీ చెమట గ్రంథుల నాడులు పనిచేసే రసాయనం వేరు కాబట్టి చెమట మాత్రం మామూలుగానే పడుతుంది. క్లోనజెపామ్ లాంటివి మొత్తం స్పందననే మందగింపజేస్తాయి. పాతకాలపు ట్రైసైక్లిక్ మందులు అరచేతి చెమట స్పందననే తగ్గించవచ్చు. గ్రాఫ్‌లో ఒక గీత అణగి మరో గీత ఎగిరితే, అది మనిషి నిజాయితీ గురించి కాదు, మందుల చీటీ గురించి చెబుతుండవచ్చు.

ఇన్ని జరిగినప్పుడు జాగ్రత్తగల పరీక్షకుడు "ఫలితం తేల్చలేం" అని రాస్తాడు. నిజాయితీగల జవాబు అదే. అయితే పోలీసు స్టేషన్‌లోనో, దుకాణం యజమాని గదిలోనో "తేల్చలేదు" అన్న మాట "ఏదో దాస్తోంది" అని వినిపిస్తుంది.

ఇరవై మందిలో ముగ్గురు

2003లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పాలిగ్రాఫ్ మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి నివేదిక ఇచ్చింది. ఒక నిర్దిష్ట సంఘటన గురించి అడిగినప్పుడు ఈ పరీక్ష కాకతాళీయపు ఊహ కన్నా చాలా మెరుగు, పరిపూర్ణతకు మాత్రం చాలా దూరం అన్నది దాని సారాంశం. నివేదిక ఒక లెక్క కూడా వేసి చూపింది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకోండి. వారిలో 80 శాతం మందిని పట్టుకునేలా పరీక్షను అమరిస్తే 8 మంది గూఢచారులు దొరుకుతారు. వారితోపాటు 1,598 మంది అమాయకులు కూడా దొరుకుతారు. అంటే నిర్దోషుల్లో దాదాపు 16 శాతం మంది.

ఆ శాతాన్నే మన ఆబిడ్స్ దుకాణానికి వర్తింపజేద్దాం. 20 మందిలో ఒకరు దొంగ, 19 మంది నిర్దోషులు. అందరికీ పరీక్ష చేస్తే 19 మందిలో సుమారు ముగ్గురి మీద తప్పుడు ముద్ర పడుతుంది. అసలు దొంగ దొరికినా, అనుమానితులుగా తేలిన నలుగురిలో ముగ్గురు ఏ పాపం ఎరగనివారు. భయాన్ని కొలిచే యంత్రం ముందు, భయమే జబ్బుగా ఉన్న మనిషి ఆ ముగ్గురిలో చేరుతుందేమోనన్నదే నా ఆందోళన.

అటువైపు తప్పు కూడా జరుగుతుంది. అమెరికా సీఐఏలో పనిచేస్తూ సోవియట్‌లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో పాలిగ్రాఫ్ పరీక్షలు దాటేశాడు. నిబ్బరంగా ఉండగలిగినవాడు అబద్ధం చెప్పీ దాటగలడు, వణికిపోయే మనిషి నిజం చెప్పీ చిక్కుకోవచ్చు. ఉద్యోగుల మీద ప్రైవేటు యజమానులు చాలావరకు ఈ పరీక్ష రుద్దకుండా అమెరికా 1988లోనే చట్టం తెచ్చింది. మన దేశంలో యజమానులను కట్టడి చేసే అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పోలీసు దర్యాప్తు విషయంలో మాత్రం మన సుప్రీంకోర్టు స్పష్టంగా మాట్లాడింది.

చట్టం ఏమంటుంది?

తెలుగు పాఠకులకు పాలిగ్రాఫ్ లాంటి పరీక్షల పేర్లు బాగా పరిచయమైన సందర్భాల్లో సత్యం కంప్యూటర్స్ కేసు ఒకటి. 2009లో ఆ కేసు దర్యాప్తులో నిందితులకు పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడానికి సీబీఐ హైదరాబాద్ కోర్టు అనుమతి కోరింది. ఆ రోజుల్లో దేశవ్యాప్తంగా ఇలాంటి పిటిషన్లు మామూలైపోయాయి. 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి హద్దు గీసింది. మనిషి ఇష్టానికి విరుద్ధంగా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3) (తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కు), 21 (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితాలను వాటంతట అవే సాక్ష్యంగా తీసుకోకూడదని చెప్పింది. ఆ పరీక్ష ఆధారంగా తర్వాత ఏదైనా వస్తువో సమాచారమో దొరికితే, దాన్ని మాత్రం సాక్ష్య చట్టానికి లోబడి తీసుకోవచ్చు.

పానిక్‌తో బతికేవారు ఆ తీర్పులో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. యంత్రం నమోదు చేసే మార్పులు అబద్ధం వల్లే రానక్కర్లేదని, కంగారు, ఆందోళన, భయం, అయోమయం వల్ల కూడా రావచ్చని కోర్టు గుర్తించింది. శాస్త్రజ్ఞులు చెప్పిందే మన అత్యున్నత న్యాయస్థానం కూడా చెప్పింది. 2025 జూన్‌లో ఇచ్చిన అమ్లేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు సెల్వి సూత్రాన్ని మరోసారి నిలబెట్టింది.

సెల్వి తీర్పు జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాలను తప్పక పాటించాలని కూడా ఆదేశించింది. వాటి ప్రకారం సమ్మతిని పోలీసు స్టేషన్‌లో కాదు, మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి. ఆ సమయంలో లాయరు ఉండాలి. పరీక్ష వల్ల శరీరానికి, మనసుకు, కేసుకు ఏమవుతుందో ముందే వివరించాలి. పరీక్షను స్వతంత్ర సంస్థలో, లాయరు సమక్షంలో జరపాలి. జరిగిన తీరంతా వైద్య వివరాలతో సహా రికార్డు చేయాలి.

ఒప్పుకోవాలా, వద్దా?

వద్దనడం హక్కు. మౌనం నుంచి నేరాన్ని ఊహించకూడదన్నది మన న్యాయసూత్రం. లాయరును పెట్టుకునే స్తోమత లేదనుకోవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి, మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

ఒప్పుకోవాలనే అనుకుంటే ముందు చికిత్స చేస్తున్న డాక్టరును కలవాలి. జబ్బు పేరు, ఎంతకాలంగా ఉంది, ఏ మందులు ఎంత మోతాదులో వాడుతున్నారు అన్న వివరాలతో లేఖ తీసుకోవాలి. దాని ప్రతి లాయరు దగ్గర, పరీక్షకుడి దగ్గర ఉండాలి. పరీక్ష కోసమని మందులు ఆపడం ప్రమాదం. క్లోనజెపామ్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే ఆందోళన మునుపటికన్నా ఎక్కువై తిరిగి రావచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. నెమ్మదిగా ఊపిరి తీయడం చికిత్సలో నేర్చుకున్నదని ముందే చెప్పాలి. మధ్యలో అటాక్ వస్తే పట్టీ విప్పి పరీక్ష ఆపమని అడగాలి, ఆపిన కారణాన్ని రికార్డులో రాయించాలి. ఛాతీ నొప్పి కొత్తగా ఉన్నా, ఎప్పటిలా లేకపోయినా పానిక్ అని సర్దిచెప్పుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పానిక్ డిజార్డర్ బాగా నయమయ్యే జబ్బుల్లో ఒకటి. ఎస్సిటాలోప్రామ్, సెర్‌ట్రలీన్ లాంటి మందులు కొన్ని వారాల్లో పనిచేయడం మొదలుపెడతాయి. గుండె దడ అంటే చావు కాదని మెదడుకు మళ్లీ నేర్పే ప్రవర్తనా చికిత్స కూడా అంతే బలమైనది. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో వైద్యం ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బును దాచి పరీక్షకు కూర్చోవడం కన్నా, జబ్బు సంగతి చెప్పి పరీక్ష వద్దనడం ఎంతో సురక్షితం.

చివరిగా ఒక విన్నపం. సమ్మతి నమోదు చేసే రోజున మేజిస్ట్రేట్ కోర్టులో బలవంతం ఏమైనా జరిగిందా, లాయరు ఉన్నారా, పరీక్ష గురించి తెలుసా అని అడుగుతారు. వాటికి మరో ప్రశ్న చేర్చాలి: మీకు ఏదైనా మానసిక అనారోగ్యం ఉందా, మందులు వాడుతున్నారా? దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పరీక్ష మనసు మీద చూపే ప్రభావాన్ని వివరించాలన్న మార్గదర్శకం ఇప్పటికే ఉంది. ఆ ప్రశ్నను పరువు పోకుండా, అవసరమైతే ఛాంబర్‌లో అడగాలి. జవాబు చెప్పినందుకు ఉద్యోగం పోదన్న ధైర్యం ఆ మనిషికి ఇవ్వాలి. ఆ జవాబు ఫైలులో ఉంటే, గ్రాఫ్ మీద గీత ఎంత ఎత్తుకు లేచినా దాన్ని చదివేవారు నేరం కన్నా ముందు జబ్బును గుర్తుచేసుకుంటారు.